చితి దక్కనివాళ్ల లోయలో నిప్పు

నిప్పు ఏటిపాలైంది. పైడక్క కాలికి చలిబాణం తగిలింది. వెనక గుర్రాలు, ముందు లోయ. పోలడు ఆలోచించలేదు. ఆలోచించేవాడైతే ఈ కథలోకి వచ్చేవాడే కాదు. అక్కను భుజాన వేసుకుని లోయలోకి దిగాడు.

ఒడ్డుదాకా తరుముకొచ్చిన గుర్రాలు అక్కడే ఆగిపోయాయి. భటులు కళ్లేలు బిగించి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, వెనక్కి తిరిగారు. ఆ లోయలోకి రాజుగారి గుర్రం కూడా కాలు పెట్టదు.

ఎందుకు పెట్టదో చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. కుంభినీపురం రాజు వజ్రదంతుడు, వాడి పక్కన మాంత్రికుడు భస్మాంగదుడు. వీళ్లకు ముందు రాజులు పొలాలు లాక్కున్నారు, పశువుల్ని లాక్కున్నారు, జనం తిరగబడ్డారు. వీళ్లు అంతకంటే తెలివైన పని చేశారు. నిప్పును లాక్కున్నారు. ఊళ్లలోని చెకుముకి రాళ్లన్నీ బళ్లకెత్తించి సముద్రంలో పోయించారు. కట్టెను కట్టెతో రాసినవాడి వేళ్లు తీయించారు. ఇక పొయ్యి వెలగాలంటే నిప్పుకోటకు పోవాలి, వంగాలి, పిడక మీద ఇంత నిప్పు పెట్టించుకుని తెచ్చుకోవాలి. ఆరిపోతే మళ్లీ వంగాలి. వంగి వంగి జనానికి నడుములే కాదు, బుర్రలు కూడా వంగిపోయాయి. నిప్పు కోటలోనే పుడుతుందనీ, మనిషి చేతికి అది చేతకాదనీ నమ్మేశారు.

మంచెలదిన్నె గొల్లలు మాత్రం ఒకసారి వంగలేదు. భటులు వచ్చి ఆ ఊళ్లో ప్రతి పొయ్యిలోనూ నీళ్లు గుమ్మరించి పోయారు. ఆనాటినుంచి ఊరు నానబెట్టిన గింజలు నములుతోంది. చలికి ముసలివాళ్లు రాలిపోతున్నారు. ఆ ఊరి బిడ్డలే పోలడు, పైడక్క. ఇద్దరూ బైరాగుల వేషం కట్టారు. పైడక్క మేకవెంట్రుకల గడ్డం కూడా అంటించుకుంది. నిప్పుకోటలో దూరి కుంపటెడు నిప్పు దొంగిలించారు. ఏరు దాటుతుంటే భటులు పసిగట్టారు. బాణం వచ్చింది. పైడక్క నీళ్లలో పడింది. కుంపటి సుయ్‌మని ఒక్క మూలుగు మూలిగి మునిగిపోయింది.

చలిబాణానికి రక్తం రాదు. అది భస్మాంగదుడి మంత్రం. తగిలినచోట ఒళ్లు నీలమవుతుంది. ఆ నీలం మెల్లగా పైకి పాకుతుంది. గుండెను తాకిందా, మనిషి అయిపోయినట్టే. దానికి విరుగుడు ఒక్కటే, మంట. ఆ మంటను ఇప్పుడే ఏరు మింగేసింది.

*

లోయలో పొద్దు ఇంకా ఉంది. ఉందన్న మాటేగాని కనబడదు. మంచు మీగడలా పేరుకుని, చెట్ల మొదళ్లకు చుట్టుకుని, రాళ్ల సందుల్లో పడుకుని, మళ్లీ లేచి మెల్లగా కదులుతోంది. గాలి లేదు, అయినా కదులుతోంది. ఎండిన కొమ్మలు ఆకాశానికి దోసిళ్లు పట్టినట్టున్నాయి. పిట్ట కూత లేదు, పురుగు చప్పుడు లేదు. పోలడి అడుగుల కింద ఏదో పెళపెళ విరుగుతోంది. పుల్లలనుకున్నాడు. కిందికి చూశాడు. పుల్లలు కావు.

రాజ్యంలో ఇంకో శాసనం ఉంది. తిరగబడ్డవాడికి చితి లేదు. చంపిన మనుషుల్ని బళ్లమీద తెచ్చి ఒడ్డు మీదనుంచే ఈ లోయలోకి దొర్లించి, పైన ముళ్లకంప విసిరి పోతారు. కాలని మనిషి వెళ్లిపోలేడు. దయ్యమై ఇక్కడే ఉండిపోతాడు. అందుకే గుర్రాలు ఇందులోకి దిగవు.

ఒక బండ ముందుకు పొడుచుకొచ్చిన చోట, దాని నీడలో, నేల పొడిగా ఉంది. పోలడు అక్కను అక్కడ దించాడు.

“మెల్లగా దించరా. నీ భుజం ఎముక నా కడుపులో గునపంలా దిగింది.”

“బతికి బయటపడితే మెత్తటి భుజమున్న మొగుణ్ణి వెతుకుతాలే అక్కా. ఎక్కడిదాకా వచ్చింది?”

పైడక్క తొడ మీద గిల్లుకుంది. “ఇక్కడ తెలియట్లేదు. ఇక్కడ కూడా.” నడుము దగ్గర గిల్లుకుని “అబ్బా!” అంది. “నడుము ఇంకా మనదే.”

ఆమె గడ్డం ఊడి ఒక పక్కకు వేలాడుతోంది. దాన్ని పీకి పారేసింది. “తడిసి చచ్చింది. లేకపోతే దీన్నే అంటించేవాళ్లం.”

“దేనితో అంటించేవాళ్లం?”

“అదేరా నేను కూడా ఆలోచిస్తున్నది.” ఆమె పళ్లు కటకటమంటున్నాయి. “నాయనమ్మ చల్ల చిలికేటప్పుడు ఏమనేది? పాలలో వెన్న దాగినట్టు కట్టెలో నిప్పు దాగుంది, చిలికితే వస్తుంది అనేది.”

“అది ఊరికే మాట.”

“ఊరికే మాటకు నాయనమ్మ చుట్టుపక్కల చూసి, గొంతు తగ్గించి చెప్పేదా? గొల్లపుటక పుట్టాం. చిలకడం మనకు రాకపోతే ఎవడికొస్తుందిరా?”

పోలడు లేచాడు. బండ చూరు కింద వెతికాడు. వానకు తడవని మూలలో ఎండిన బూరుగు కొమ్మ దొరికింది. గోటితో నొక్కితే దిగేంత మెత్తన. అది అడుగు చెక్క. పక్కనే నిలువునా ఎండిపోయిన జిల్లేడు. దాని కాండం గీకితే కవ్వపు కర్రంత సాపు. గిజిగాడు ఎప్పుడో వదిలేసిన గూడొకటి బండకు వేలాడుతోంది. దాన్ని చిదిపి, నలిపి, బూరుగు కాయలో మిగిలిన పిడికెడు దూది మధ్యలో కుక్కాడు. చెక్కలో కత్తి మొనతో గుంట తొలిచాడు. గుంట పక్క గాటు పెట్టాడు, రాలే పొడి జారడానికి. గాటు కింద ఎండుటాకు పరిచాడు. జోలె తాడు విప్పి కర్రకు ఒక చుట్టు చుట్టాడు. భిక్షమెత్తే కొబ్బరి చిప్పను కర్ర నెత్తిన బోర్లించాడు.

“చిప్ప లోపల నా జడలోని నూనె పుయ్యి, జారుతుంది,” అంది పైడక్క. “నేను నొక్కుతా. నువ్వు తాడు లాగు.”

చిలికారు. తాడు ఇటొచ్చింది, అటుపోయింది. కర్ర గిర్రున తిరిగింది. కిచకిచమంది. గుంట అంచు గోధుమరంగుకు, ఆ తర్వాత నలుపుకు తిరిగింది. సన్నటి పొగ. సరిగ్గా అప్పుడే పోలడి చెయ్యి నెమ్మదించింది. పొగ చచ్చింది.

మళ్లీ చిలికారు. మళ్లీ పొగ. మళ్లీ వాడి చెయ్యి నెమ్మదించింది.

“ఏరా, ఎందుకు ఆపుతున్నావు?”

“కవ్వం వేడెక్కింది గదక్కా.”

పైడక్క వాడి మొహంలోకి చూసింది. పోలడు తన చేతులకేసి చూసుకున్నాడు. కవ్వం వేడెక్కితే వెన్న కరిగిపోతుంది. వెంటనే నెమ్మదించాలి, చన్నీళ్లు చిలకరించాలి. పాలు తాగే వయసునుంచి ఆ చేతులు నేర్చింది అదే. వాడి చెయ్యి నీళ్లకోసం పక్కకు కూడా వెళ్లింది. వాడికే తెలియదు.

“ఒరే మొద్దూ!” అంది పైడక్క. చావు నడుము దాటుతుంటే నవ్వొచ్చింది ఆమెకు. “వేడెక్కాలనే గదరా ఈ తిప్పలన్నీ! వెన్న తీస్తున్నావా ఇక్కడ? మీ అత్తగారు ముంత పట్టుకుని నిలబడిందా?”

“పెళ్లే కాలేదు, అత్తగారెక్కడిది?”

“కాదు కూడా. లాగు!”

ఈసారి పోలడు లాగిన లాగుడు చల్ల చిలికే లాగుడు కాదు. పిశాచం పట్టినట్టు లాగాడు. పొగ దారమంత వచ్చింది, తాడంత అయింది. నల్లటి పొడి ఆకు మీద కుప్పపడింది. కర్ర తీసేసినా పొగ ఆగలేదు. ఆ పొడిలో మిణుగురంత ఎరుపు!

“అక్కా, నిప్పు!”

ఆ మాట నోటినుంచి రాగానే లోయ ఊపిరి పీల్చింది.

మంచులోంచి మొహాలు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు. చెట్టు చెట్టుకూ, రాయి రాయికీ మధ్యనుంచి వచ్చాయి. కొందరికి మెడ మీద తాడు గుర్తు. కొందరికి వేళ్లు లేవు. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి, అయినా ముందుకే వస్తున్నారు. చప్పుడు లేకుండా, తోసుకుంటూ, జాతరలో రథం చూడ్డానికి ఎగబడ్డట్టు వచ్చారు. వాళ్లతోపాటు చలి వచ్చింది. ఎరుపు ఒకసారి మినుక్కుమంది. బూడిదైంది.

పోలడు కత్తి దూశాడు. “పొండి! మళ్లీ నిప్పు పుట్టిస్తా! దగ్గరికొస్తే కాలిపోతారు!”

ఎవరూ వెనక్కి పోలేదు. గుంపు ముందు ఒక ముసలిది నిలబడి ఉంది. నెత్తిన పాలకుండ చుట్టకుదురు ఇంకా అలాగే ఉంది. ఆమె చేతులకు వేళ్లు లేవు, మణికట్టు దగ్గర తాళ్లు కట్టినట్టు గుర్తులున్నాయి.

“కాలిపోదామనే గదరా అబ్బాయా వచ్చింది,” అంది.

పోలడి కత్తి కిందికి దిగింది.

“దయ్యాలకు నిప్పంటే భయమని...”

“ఎవరు చెప్పారు?”

“అందరూ.”

“ఆ అందరికీ ఎవరు చెప్పారు?”

పోలడికి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పిడక నిప్పు ఇచ్చేటప్పుడు కోట భటులు చెప్పేవారు. ‘ఇది లేకపోతే లోయలో దయ్యాలు వచ్చి మిమ్మల్ని పీక్కుతింటాయి, వంగండి’ అని.

“కోట చెప్పింది,” అన్నాడు.

“ఆఁ. ఇప్పుడు తెలివొచ్చింది. నన్ను కొండవ్వ అంటారు. మాకు భయం కాదురా, ఆకలి. నిప్పు కోసం ఆకలి. నువ్వు పుట్టించిన రవ్వ మీద మేమే పడి చంపేశాం. చాలాకాలమైంది చూసి. తప్పైపోయింది.”

వెనకనుంచి ఎవడో చచ్చినవాడు గొణిగాడు. “నేను చెప్పా, తోసుకోవద్దని. ఎవరు విన్నారు?”

“నువ్వే ముందు తోశావు, నోర్ముయ్!” అంది కొండవ్వ.

అప్పుడు పైడక్క చేతిలోంచి చిప్ప జారి రాయి మీద దొర్లింది. ఆమె దాన్ని పట్టుకోబోయింది. వేళ్లు ముడుచుకోలేదు. పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి.

“పక్కటెముకల దాకా వచ్చింది పోలా,” అంది చాలా మామూలుగా. “నొక్కడానికి నా చేతులు లేవు. నువ్వొక్కడివే చూసుకో.”

ఒక్కడివల్ల అయ్యే పని కాదది. నొక్కే చేతులు రెండు కావాలి, లాగే చేతులు రెండు కావాలి. పోలడు కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి తోమాడు. చర్మం ఊడింది. పొగ కూడా రాలేదు.

“లే,” అంది కొండవ్వ. “బేరం చేసుకుందాం. మా చేతుల్లో వేడి పుట్టదు. కర్ర ముట్టుకున్నామా, చల్లబడిపోతుంది. కానీ తాడు దూరంగా ఉంటుంది. తాడు మేం లాగుతాం. నువ్వు నొక్కు. రవ్వ పుట్టాక నీ అక్క బతుకుతుంది. ఆ తర్వాత మాకు కొరివి పెట్టాలి. లోయలో ఎంతమందున్నారో అంతమందికీ.”

“కొరివి పెట్టడానికి నేను మీకేమవుతాను?”

“ఏమీ కావు. మాకు ఎవడూ ఏమీ కాలేదు, అందుకే ఇక్కడున్నాం. అవుతావా?”

పోలడు అక్కవైపు చూశాడు. “అవుతా. కానీ ఒక్క షరతు. ఈ మంచంతా మీ ఊపిరేనా?”

“మాదే.”

“బిగబట్టండి.”

కొండవ్వ వెనక్కి తిరిగి ఒక్క కేక వేసింది. ఆ కేకలో మాట లేదు, అడివి పందిని తోలేటప్పుడు గొల్లలు పెట్టే ఊళ మాత్రమే ఉంది. లోయంతా ఊపిరి బిగబట్టింది. మంచు చిరిగిపోయింది. ఎక్కడో పడమటి అంచున దిగబోతున్న సూర్యుడు ఏటవాలుగా బండ కిందికి తొంగిచూశాడు. ఆ వెలుగులో ఎముకల గుట్టలు, వాటి మీద ముళ్లకంపలు, వాటి మధ్య నిలబడిన జనం, అంతా ఒక్కసారిగా బంగారు రంగు పూసుకుంది. ఇంత అందమైన చోటును ఇంత ఘోరానికి వాడిన రాజును ఏం చెయ్యాలో అప్పుడే తేల్చుకున్నాడు పోలడు. కానీ ముందు చేతిలో పని.

వాడు మోకాళ్ల మీద కూర్చుని చిప్ప మీద ఒళ్లంతా మోపాడు. తాడు ఒక చివర కొండవ్వ మణికట్లకు చుట్టుకుంది. రెండో చివర మెడ మీద తాడు గుర్తున్న ఒక బక్కమనిషి పట్టుకున్నాడు.

“లాగండి!”

చచ్చినవాళ్లకు అలుపు రాదు. తాడు కనబడటం మానేసింది. కర్ర తిరుగుతోందో, నిలబడి ఉందో తెలియలేదు. చిప్ప కాలి పోలడి అరచెయ్యి బొబ్బలెక్కింది. చెయ్యి మళ్లీ పాత బుద్ధి చూపించబోయింది. నెమ్మదించమంది.

“నొక్కరా!” పైడక్క గొంతు గాలిలా వచ్చింది.

నొక్కాడు. పొగ మొహానికి కొట్టింది. కళ్లు మండాయి. గాటులోంచి నల్లటి పొడి బుసబుసా రాలింది. కర్రను విసిరేసి, ఆకును గిజిగాడి గూట్లోకి వంచాడు. రెండు చేతులా గూడు పట్టుకుని, గాయం మీద ఊదే తల్లిలా మెల్లగా, పొడుగ్గా ఊదాడు. పొగ చిక్కనైంది. పచ్చగా మారింది. లోయలో ఒక్క ప్రాణం, ఒక్క శవం కదల్లేదు.

భగ్గుమంది.

గుంపులోంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు ఒకటి లేచింది. ఒక్కరు కూడా ముందుకు తోసుకోలేదు.

పోలడు పుల్లలు పేర్చాడు. పుల్లల మీద కొమ్మలు, కొమ్మల మీద మొద్దు. పైడక్కను మంట పక్కకు లాగి, ఒళ్లో కూర్చోబెట్టుకుని చేతులు రుద్దాడు. నీలం ఆమె గుండె కింద ఆగింది. అక్కడే ఉండి వెనకాడింది. తర్వాత వేడినీళ్లలో పడిన ఉప్పులా అంచులనుంచి కరగడం మొదలెట్టింది. నడుము, మోకాలు, మడమ. చివరికి బొటనవేలి గోటి కిందనుంచి నల్లటి చుక్క ఒకటి జారి, మంటలో పడి చిటపటమంది.

“అబ్బ!” అంది పైడక్క. “కాలు మండుతోందిరా. ఎంత బాగుందో!”

*

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆకాశంలో ఈల వినబడింది.

భస్మాంగదుడి పొగగద్దలవి. కోట ముద్ర లేని పొగ ఎక్కడ లేచినా వాటి ముక్కుకు తెలుస్తుంది. ఒక్కోటి దూడను ఎత్తుకుపోయేంత ఉంటుంది. వాటికి మంట అక్కర్లేదు, మంట పెట్టిన మనిషి కావాలి. వాణ్ణి పట్టుకుపోయి నిప్పుకోటలో పడేస్తాయి.

“మంట తొక్కెయ్యి,” అన్నాడు బక్కమనిషి దయ్యం. ఎంత ఆశ చంపుకుని అన్నాడో వాడికే తెలుసు. “నిప్పు దాచుకుని పారిపోండి. మేం ఉంటాం. అలవాటే.”

పోలడు వంగి మండుతున్న కొమ్మ ఒకటి తీశాడు. పైడక్క ఇంకోటి తీసింది.

“ఆడది కొరివి పెట్టకూడదంటారమ్మా,” అన్నాడు బక్కమనిషి భయపడుతూ.

“ఎవరంటారు?”

వాడు కోటవైపు చూసి, తల గోక్కుని, పక్కకు తప్పుకున్నాడు.

ఇద్దరూ చెరోవైపు పరుగెత్తారు. మంచులేని లోయలో ముళ్లకంపలు పైన చెమ్మగా ఉన్నా లోపల పెళుసుగా ఎండిపోయి ఉన్నాయి. కొరివి తగలగానే అందుకున్నాయి. ఒక గుట్ట అంటుకుంటే అక్కడ నిలబడినవాళ్లు ఒక్కసారి పైకి చూసి, భుజం మీద మోపు దించినట్టు ఊపిరి వదిలి, మాయమవుతున్నారు. పోలడు పేర్లు అడగలేదు. అడిగే తీరిక లేదు. “పో తాతా! పో అమ్మా! పో తమ్ముడూ!” అంటూ పరుగెత్తాడు. ఏడుస్తున్నాడని వాడికి తెలియదు. పొగ అనుకున్నాడు.

లోయంతా పొగ. గద్దలకు పిచ్చెక్కింది. ఏ పొగ ఎవడు పెట్టాడో తెలియక ఒకదాన్ని ఒకటి గుద్దుకుని అరుస్తున్నాయి.

ఆఖరి గుట్ట దగ్గర కొండవ్వ ఒక్కతే మిగిలింది. పోలడు రొప్పుతూ వచ్చాడు. “నీ ఎముకలు ఎక్కడవ్వా? చూపించు, పెడతా.”

“ఇక్కడ లేవురా. వీళ్లంతా నా వెంట వచ్చిన జనం. నిప్పు చిలకడం వీళ్లకు నేర్పింది నేనే. అందుకే నన్ను ఇక్కడ పారెయ్యలేదు. నిప్పుకోట గుమ్మం కింద పాతిపెట్టాడు ఆ మాంత్రికుడు. ఆ గుమ్మం తొక్కినవాడల్లా వంగేది నా ఎముకల బలంతోనే. నేను కాలిన రోజున వాడి మంత్రం కూడా కాలుతుంది. వాళ్లను ఇక్కడ ఒంటరిగా వదల్లేక ఇన్నాళ్లూ వచ్చిపోతున్నా.”

పోలడు జవాబు చెప్పేలోగా నీడ పడింది.

పొగ చీల్చుకుని ఒక గద్ద నిలువునా దిగింది. గోళ్లు రెండు భుజాల కింద దిగాయి. నేల జారిపోయింది. కింద పైడక్క చిన్నదైపోతోంది. ఆమె చేతిలో కొరివి, నోట్లో బూతులు. గద్ద ఏడుతరాల్నీ తిడుతూ ఆమె రాళ్లు విసురుతోంది.

“ఊరికి పో అక్కా!” పోలడు గొంతు చించుకున్నాడు. “నిప్పు తీసుకుపో! అది ఆరినా భయం లేదు, చిలకడం నేర్పు! అందరికీ నేర్పు!”

ఆమె రాళ్లు విసరడం ఆపింది. తర్వాత కొరివి ఎత్తిపట్టుకుని మంచెలదిన్నె వైపు పరుగందుకుంది. కుంటుతూ, అయినా జింకలా.

పోలడి కుడిచేతిలో మండే కొమ్మ ఇంకా ఉంది. గద్ద పొట్ట నెత్తికి చేరువలోనే ఉంది. ఒక్క పోటు పొడిస్తే చాలు, వదిలేస్తుంది. కింద చెట్ల కొమ్మలు దగ్గరలోనే ఉన్నాయి. పడితే ఒకటో రెండో ఎముకలు విరుగుతాయి, బతుకుతాడు. కొమ్మను పైకి తిప్పాడు.

“పొడవకు,” అన్నారెవరో.

తల వెనక్కి తిప్పి చూశాడు. గద్ద మెడ మీద, బర్రె మీద కూర్చున్నంత తీరుబడిగా, కొండవ్వ కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. ఆమె వెనక్కి తిరిగిన పాదాలు గాలిలో ఊగుతున్నాయి. ఎదురుగా దూరాన, సంధ్య ఎరుపులో, నిప్పుకోట బురుజులు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి.

“ఇది పోయేది మన గుమ్మానికేరా,” అంది కొండవ్వ. “నువ్వు ఆ కొమ్మ ఆరిపోకుండా చూసుకో.”

పోలడు కొమ్మను గాలికి అడ్డంగా తిప్పి, ఒంటితో కాచి, దాని మీద మెల్లగా ఊదాడు.